అద్దం చాకు, తెగని ఎర్రగడ్డ

మామది హిందూపురం. తూమకుంట పారిశ్రామికవాడలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైన ఫిట్టరు చేతికి పని లేకపోతే బంధువుల ఇళ్ళలో సామాన్లకు గండం. మేనకోడలిది పెనుకొండ. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల తయారీ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల వెలిసిన మెస్సుల్లో ఒకటి ఆమెది. మధ్యాహ్నం సంగటి, రాత్రి చపాతీ, రెండు పూటలా మూటలకొద్దీ ఎర్రగడ్డలు. ఆమె వంటింట్లో మచ్చలు పడిన స్టీలు చాకులను మామ ఒకనాడు సంచీలో వేసుకుని హిందూపురం రైలెక్కాడు. తిరిగి తెచ్చిచ్చినప్పుడు వాటిలో మొగం కనపడుతోంది. ఇంట్లో కూర్చుని స్టీలు చాకుకు మెరుగు పెట్టడం పనికొచ్చే పనా, పొద్దుపోని పనా అన్నది వాదన. ఇద్దరూ మొండివాళ్ళే. నా నోరు ఊరుకోని చోట కుండలీకరణాల్లో దూరాను.

మేనకోడలు: చాకులు చూసినాను మామా. బాగుండాయి. దాంట్లో చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. టమేటా మాత్రం తెగలేదు.

మామ: తెగకపోవడమేమి పాపా? 400 నంబరు పేపరుతో మొదలుపెట్టి 2000 దాకా పోయినాను.

మేనకోడలు: నువ్వు యాడిదాకా పోయినావో నాకెందుకు? చాకు టమేటా లోపలికి పోలేదు. అదీ నా బాధ.

మామ: పదును వేరే, మెరుపు వేరే. నేను మెరుపు చేసిచ్చినాను. పదును నువ్వు పెట్టుకో.

మేనకోడలు: నువ్వు తీసకపోకముందు తెగుతా ఉండె. ఉన్న పదును తీసేసి, పెట్టుకో అంటావా?

(ఆమె మాటలో నిజముంది. మెరుగు పెట్టేటప్పుడు గుడ్డకో తోలుకో పేస్టు రాసి రుద్దుతాం. అవి మెత్తనివి కాబట్టి చాకు అంచు దగ్గరికి రాగానే ఒంగి అంచును చుట్టుకుంటాయి. అలా పదేపదే రుద్దితే సన్నటి అంచు గుండ్రబడుతుంది. బయటికి తళతళలాడుతుంది గానీ తొక్క మీద జారిపోతుంది. అందుకే ముందు మెరుగు, చివర పదును. మామ ఆ చివరి మెట్టు ఎక్కకుండానే రైలెక్కాడు.)

మామ: సరే, అంచు సంగతి ఒప్పుకుంటా. మచ్చల సంగతి చెప్పు. నల్లగా గుంటలు పడిండాయి గదా ఆ చాకుల మీద. అట్లే వదిలేయమంటావా?

మేనకోడలు: స్టెయిన్‌లెస్ అని చెప్పి అమ్మినారు. మచ్చ పడితే అమ్మినోడి తప్పు, నాది కాదు.

మామ: తుప్పు పట్టదని ఎవరూ రాసివ్వలేదమ్మా. ఇనుములో క్రోమియం పదిన్నర శాతం దాటితే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. గాలి తగిలితే ఆ క్రోమియం పైన ఒక పొర కడతాది. దాని మందం రెండు మూడు నానోమీటర్లు. వెంట్రుక మందంలో ఇరవై వేలో వంతు అనుకో. గీరినా మళ్ళ తనంతట తానే పుడతాది. దానికి పగ అంటే ఉప్పుతోనే. ఉప్పునీళ్ళు ఒకచోట నిలిస్తే ఆ పొరకు బెజ్జం పడతాది, అక్కడినుంచి లోపలికి తవ్వుకుంటా పోతాది. నీ చాకు మీద గుంటలు అవే.

మేనకోడలు: అయితే పళ్ళేలకు పడవే ఆ గుంటలు? అదే సింకు, అదే ఉప్పు.

మామ: అట్ల అడుగు! ఫ్రిజ్‌కు అతికించే అయస్కాంతం ఒకటి తీసకరా. పళ్ళేనికి పెట్టు. పట్టుకోదు. చాకుకు పెట్టు. గబుక్కున అతుక్కుంటాది. మంచి పళ్ళెంలో క్రోమియం 18 పాళ్ళు, నికెల్ 8 పాళ్ళు ఉంటాయి. అది మెత్తన, తుప్పును బాగ తట్టుకుంటాది. దాంతో చాకు చేస్తే రెండు దినాలకు మొద్దుబారతాది. అందుకని చాకులో నికెల్ దాదాపు ఉండదు, క్రోమియం ఒక 13 పాళ్ళు, గట్టిదనానికి కార్బన్ కలుపుతారు. ఆ కార్బన్ క్రోమియంలో కొంత తనతో కట్టేసుకుంటాది. మిగిలిందే కాపలా కాయాల. పదును నిలవాలంటే తుప్పు భయం కొంచెం ఒప్పుకోవాల్సిందే.

(ఈ బేరం స్టెయిన్‌లెస్ చాకుతో పాటే పుట్టింది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ 1913లో తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ 13 శాతం దగ్గర క్రోమియం ఉన్న ఉక్కు పోయించాడు. తుపాకీలకంటే అది చాకులకు పనికొస్తుందని పట్టుకున్నది ఆయనే. తెగని కత్తులు కనిపెట్టినవాడని ఆ ఊరి కత్తుల పనివాళ్ళు ఆయన్ను ఎగతాళి చేశారు. ఆ గట్టి ఉక్కును కాల్చి పదును నిలపడం తెలియడానికి వాళ్ళకు కొంత కాలం పట్టింది. పెనుకొండ మెస్సులో మేనకోడలు వేసిన నింద వందేళ్ళు దాటినది.)

మేనకోడలు: మా పిల్లోళ్ళు రోజూ చింతపండు, ఉప్పు వేసి తోముతారు. ఇత్తడి బిందె బంగారం మాదిరి వస్తాది గదా అని.

మామ: ఊరంతా చింతపండు మండీలున్న హిందూపురంలో పుట్టి నేనే చెప్తాండా, చాకుకు చింతపండు వద్దు. ఇత్తడి మీద మబ్బు పట్టినట్టు ఒక పొర ఉంటాది, చింతపండు పులుపు దాన్ని కరిగిస్తాది, కింద పసుపు బయటపడతాది. స్టీలు మీద కరిగించాల్సిన పొరే లేదు. ఉన్నది కాపాడే పొర. దాని మీద ఉప్పు రుద్ది రాత్రంతా సింకులో పడేస్తే ఏమయితాది? దసరా ఆయుధపూజప్పుడు నిమ్మకాయ కోసి, కుంకుమద్ది, చాకును అట్లే పొద్దుటిదాకా పెడతారు. అదీ అంతే. పూజ అయినాక కడిగి తుడిస్తే అమ్మవారేమీ అనుకోదు.

మేనకోడలు: తెల్లగా చారలు పడతాయే, అవి కూడా తుప్పేనా?

మామ: కాదు. అది మన బోరునీళ్ళ ఉప్పు మరక. నీళ్ళు ఆరిపోతే సున్నం మిగులుతాది. దానికి పేపరు పెట్టి గీకడమంత తెలివితక్కువ ఇంకోటి లేదు. కొంచెం వెనిగరో నిమ్మరసమో గుడ్డకు తడిపి తుడిచి, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడువు. పోతాది.

మేనకోడలు: చూడు, నువ్వే చెప్తాండావు. కడిగి తుడిస్తే మచ్చే పడదు. మచ్చ పడకపోతే మెరుగే అక్కర్లేదు. నీ పనే లేదు.

మామ: పడిన మచ్చను ఏం చేస్తావు? గుంట అంచుకు దగ్గరగా ఉందనుకో. నువ్వు సాన పట్టించే కొద్దీ అంచు వెనక్కి జరుగుతాది. ఒకనాటికి ఆ గుంట దగ్గరికి వస్తాది. అప్పుడు అంచులో నొక్కు పడతాది. ఆ నొక్కు దగ్గర ఎర్రగడ్డ తెగదు, చీలుతాది. గుంటలో ఎర్రగడ్డ రసం, ఉప్పు నిలుస్తాయి, ఇంకా లోతు పోతాది. గరుకుగా ఉన్న చాకుకంటే నున్నగా ఉన్న చాకుకు తుప్పు నిదానంగా పడతాది. ఇది వర్క్‌షాపులో ఎవరినడిగినా చెప్తారు.

మేనకోడలు: ఆ గుంట మాట మాత్రం ఒప్పుకుంటా. గుంట పోవాల. గుంట పోవడానికి అద్దం దాకా ఎందుకు?

(ఇక్కడ మామ తలగీరుకోలేదు గానీ మాట మార్చాడు.)

మామ: మీ పెదనాయనను అడుగు, ధర్మవరంలో. మగ్గం మీద నాడెకు సన్నటి గరుకుంటే పట్టుపోగు నిలుస్తాదా? నాడెను ఎంత నున్నగా పెట్టుకుంటాడు ఆయన!

మేనకోడలు: నాడె మీద పట్టు జారాల, అందుకని. నా చాకు మీద ఏమీ జారక్కర్లేదు, చాకే లోపలికి దిగాల. పెదనాయన కత్తెర చూసినావా ఎప్పుడన్నా? పోగులు కత్తిరించేది. పైనంతా నల్లగా, జిడ్డుగా, తాతల కాలం సామాను మాదిరి ఉంటాది. రెండు అంచులు కలిసే చోట మాత్రం తెల్లగా మెరుస్తాది. పనిచేసే చోటే ఆయన మెరుపు పెట్టుకున్నాడు. మిగతాదాన్ని ఎవరు చూస్తారని?

మామ: అట్లయితే మన దేశం ఉక్కుకు పేరెట్లొచ్చింది? నిజామాబాదు వైపు కోనసముద్రం అని ఒక ఊరుండాది. ఆడ మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చి కూర్చునేవాళ్ళు. వాయ్సీ అని ఒక దొర 1820ల్లో చూసి రాసి పెట్టినాడు. డమాస్కస్ కత్తులని లోకమంతా పొగిడింది అట్లాంటి ఉక్కుతో చేసినవాటినే. ఆ కత్తి మీద నీళ్ళు పారినట్టు గీతలుంటాయి. మెరుగు పెట్టి, పైన ఆమ్లం తగిలిస్తే గాని ఆ గీతలు కనపడవు. మెరుగు లేకపోతే ఆ కత్తి ఏ కత్తో ఎవరికి తెలుస్తాది?

మేనకోడలు: రాజు కత్తి ఒరలో ఉంటాది మామా. నాది సింకులో ఉంటాది. ఆ కత్తి లోపల గీతలున్నాయి, మెరుగు పెడితే బయటపడినాయి. నా చాకు లోపల ఏముందని చూపించాల? అంగట్లో కొన్న సామాను అది.

(మామ ఓడిపోయిన చోటు ఇదే అనిపించింది నాకు. కోనసముద్రం ఉక్కులో గీతలు కార్బన్ సర్దుకున్న తీరు వల్ల వస్తాయి. మెరుగు ఉన్నదాన్ని చూపుతుంది, లేనిదాన్ని తెచ్చిపెట్టదు. అయితే చేతిపని చెప్పేటప్పుడు మామకు ఎదురులేదు. కింది భాగం నేను కదిలించకుండా రాసుకున్నాను.)

మేనకోడలు: సరే, అద్దం వద్దు. గుంట తీయాల. నువ్వు లేనప్పుడు మా పిల్లోడు చేయాల. ఎట్ల?

మామ: బజార్లో వాటర్ పేపరు అడుగు. కార్లకు పెయింటు వేసేవాళ్ళు నీళ్ళు పోసి రుద్దే నల్ల పేపరు. నంబరు పెరిగేకొద్దీ గింజ సన్నం. 600ది ఒక 26 మైక్రాన్లు, 2000ది 10. ముందు చాకును సబ్బుతో కడిగి తుడువు. అంచు పొడుగునా కరెంటు పని టేపు మందంగా అంటించు. ఇది మరిస్తే వేలు పోతాది. చాకును గాల్లో పట్టుకోకూడదు. చాకుకంటే వెడల్పున్న పలక మీద పడుకోబెట్టు, కదలకుండా చూడు. పేపరును చిన్న చెక్కముక్కకు చుట్టు. వేళ్ళతో రుద్దితే గుంటలోకి వేలు ఒత్తిడి పోయి గుంట ఇంకా పెద్దదవుతాది. చెక్క ఉంటే చుట్టూ ఉన్నది సమంగా దిగి గుంట మాయమవుతాది.

మేనకోడలు: యా నంబరు?

మామ: గుంట గోరుకు తగిలితే 400. తగలకపోతే 600 చాలు. సబ్బునీళ్ళు చల్లుకుంటా పిడి నుంచి మొన దాకా ఒకే వైపు గీయాల. నంబరు మార్చినప్పుడు దిక్కు మార్చాల. కొంచెం ఏటవాలుగా గీయి. అడ్డంగా గీయాల్సి వస్తే వీపు నుంచి అంచు వైపుకే చెయ్యి పోవాల, అంచుకు ఎదురుగా రాకూడదు. ముందు నంబరు గీతలు ఒక్కటి కూడా లేకుండా పోయినాకే తర్వాతి నంబరు. శానామంది తప్పు చేసేది ఈడనే. ఓపిక లేక 400 నుంచి 1500కు దూకుతారు. పైన మెరుస్తాది, లైటు కింద పెడితే 400 గీతలు దయ్యాల మాదిరి లేస్తాయి. మళ్ళ మొదటికి రావాల.

మేనకోడలు: ఇనుప పీచుతో తోమితే?

మామ: వద్దేవద్దు. మామూలు ఇనుప పీచు తునకలు చాకు మీద ఇరుక్కుంటాయి. తెల్లారేసరికి ఆ తునకలు తుప్పు పడతాయి. నువ్వు చాకును తిడతావు.

మేనకోడలు: పచ్చ రంగు సబ్బు మాదిరి నీ కాడ ఒకటుండె, అదేంది?

మామ: అది అద్దం చేసేది. నీకక్కర్లేదంటివి గదా. పాత తోలు బెల్టుకు రాసి చాకును దాని మీద లాగితే 2000 పేపరు గీతలు కూడా పోతాయి. దాంట్లో ఉండేది క్రోమియం ఆక్సైడే. చాకు పైన కాపలా కాసే పొర కూడా క్రోమియం ఆక్సైడే. బ్రాసో మాదిరి సీసాల్లో వచ్చే పాలిష్ వాడినా, ఇది వాడినా, వేడినీళ్ళు, సబ్బుతో రెండుసార్లు కడిగే దాకా ఆ చాకుతో తిండి వస్తువు కోయకూడదు.

మేనకోడలు: ఇంత రుద్దే బదులు నీ బెంచి గ్రైండరుకు గుడ్డ చక్రం తగిలిస్తే అయిపోదా?

మామ: ఆ మాట మళ్ళ అనొద్దు.

(మామ గొంతు పెంచింది ఈ ఒక్కసారే. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 6 అంగుళాల చక్రం నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంది. గుడ్డ చక్రం చాకు అంచును ఒక్క క్షణం పట్టుకుందంటే చాకు చేతిలో ఉండదు, ఆ వేగంతో కాళ్ళమీదికో కడుపులోకో వస్తుంది. చేతిలో పట్టుకునే 4 అంగుళాల యాంగిల్ గ్రైండరు నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. దాని అంచు వేగం గంటకు రెండువందల కిలోమీటర్లు దాటుతుంది. పని తెలిసిన ఫిట్టరు కూడా చాకును చక్రానికి చూపించడానికి జంకుతాడు. ఇంట్లో చేసేవాడికి ఆ అవసరం ఎప్పటికీ రాదు.)

మామ: ఇంకోటి, వేడి. ఫ్యాక్టరీలో చాకును ఎర్రగా కాల్చి చల్లార్చి, మళ్ళ 200 డిగ్రీల అటూ ఇటూ వేడిచేసి గట్టిదనం కుదురుస్తారు. చక్రం మీద సన్నటి అంచు అంతకంటే శానా ఎక్కువ కాలిపోతాది, కన్నుమూసి తెరిచేలోపల. అంచు రంగు మారిందంటే అయిపోయిందని అర్థం. ఎంత సాన పెట్టినా నిలవదు. మీ వీధికి సైకిల్ మీద వచ్చే సానాయన చేసేదీ అదే. నిప్పురవ్వలు రేగ్గొడతాడు, మీరు సంబరంగా చూస్తారు.

మేనకోడలు: ఆయన్ననొద్దు. నేను చెంబుతో నీళ్ళు పెడతా, ముంచి ముంచి పట్టమంటా. పడతాడు. ఎవరూ నీళ్ళు పెట్టకపోతే ఆయన్నే తప్పుపట్టడమేంది? అడుగుతా ఉండు, నీ పేపరుకు పట్టే పొద్దులో ఆయన వీధి వీధంతా తిరిగొస్తాడు. నువ్వు రిటైరైనావు, నీకు పొద్దుంది. నాకు పన్నెండింటికి సంగటి దిగాల.

మామ: రోజూ ఆయన వస్తాడా?

మేనకోడలు: రాడు. మధ్యలో పింగాణీ గిన్నె బోర్లించి, దాని అడుగున గరుకుగా ఉండే అంచు మీద రెండు పక్కలా నాలుగు గీతలు గీస్తా. టమేటా తెగుతాది. ఇదెవరూ నేర్పలేదు, మా అమ్మ చేస్తా ఉండె.

మామ: మా అక్క చేసేదా? (కాసేపు మాట్లాడలేదు.) ఆ గరుకు మంచిదే. కోణం మాత్రం ఒకటే నిలబెట్టు. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు చాకుకు వీపు ఒక సెంటీమీటరు పైకి లేస్తే 15 డిగ్రీలు వస్తాది. మెస్సు పనికి ఇంకొంచెం లేపు, అంచు నిలుస్తాది. ఒక పక్క గీసినాక రెండో పక్క మెల్లగా బొటనవేలితో అంచుకు అడ్డంగా తడిమితే సన్నగా గీరుకున్నట్టు తగులుతాది. అప్పుడు ఆ పక్క అయినట్టు. తిప్పి రెండో పక్క.

మేనకోడలు: మెరుపు యా నంబరు కాడ ఆపాల, అదొక్కటి చెప్పి పో.

మామ: నీకయితే 600. మనసొప్పక 1000 అంటాను.

మేనకోడలు: 600. అద్దం చేసినా మా పిల్లోడు పీచుతో ఒక్కసారి తోమితే గీతలే గదా.

(తీర్పు నన్నడిగితే మేనకోడలిదే గెలుపు, గుంటల విషయంలో తప్ప. గోరుకు తగిలే గుంట ఉన్న చాకుకు మామ చెప్పిన పని చేయాల్సిందే. గుంట లేని చాకుకు మెరుగు పెట్టడం ఇష్టమైతే చేసుకోవచ్చు. చేతిపని మీద ఇష్టం తప్పేమీ కాదు, దాన్ని అవసరమని ఎదుటివాళ్ళ వంటింటి మీద రుద్దకపోతే చాలు. మీ ఇంట్లో మచ్చపడిన చాకు ఉంటే పారేయకండి. అయస్కాంతం, ఒక 600 నంబరు వాటర్ పేపరు, టేపు, చెక్కముక్క దగ్గర పెట్టుకుని ఒక ఆదివారం కూర్చోండి. పని అయ్యాక పదును పెట్టడం మరవొద్దు. గ్రైండరు జోలికి మాత్రం పోవద్దు.)